అక్షరాలు కప్పిన బొమ్మలు

ఇది ఇంతకుముందు రాయలేకపోవడానికి మొదటి కారణం నాకు అక్షరాలు రాకపోవడం. యాభై దాటాక గాని నేను పలక పట్టలేదు. మాది కోనసీమ. చిన్నప్పుడు నన్ను బడికి కాకుండా కొబ్బరి పీచు షెడ్డుకి పంపారు. ఆ తర్వాత పెళ్ళి, ఆ తర్వాత దుబాయ్. మావాళ్ళు గల్ఫ్ మొత్తాన్నీ దుబాయ్ అనే అంటారు. నిజానికి నేను మొదట పనిచేసింది అల్ ఐన్‌లో, ఒక అరబ్బుల ఇంట్లో.

రెండో కారణం కొంచెం వింతగా ఉంటుంది. అక్షరాలు వచ్చాక కూడా చాలాకాలం ఆ సంగతి నేను ఆ తర్వాత పనిచేసిన ఇంట్లో తెలియదు. ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు. ఆ ఇంట్లో నాకు చదువు రాకపోవడం కూడా నా పనిలో ఒక భాగం.

ఆ ఇల్లు దుబాయ్‌లో సముద్రం వైపు ఉన్న ఒక ఎత్తైన భవనంలో ఉండేది. మేడమ్ ఒక్కరే. ఆవిడ నల్లజాతి అమెరికన్. షాంపూలకీ బ్యాంకులకీ కార్లకీ ప్రకటనలు తయారుచేసే కంపెనీలో ఈ ప్రాంతం మొత్తానికి పెద్ద. 2020 మొదట్లో వచ్చారు, వచ్చిన కొద్ది రోజులకే కరోనా వచ్చి ఆఫీసులన్నీ మూతపడ్డాయి. అల్ ఐన్ వాళ్ళు నన్ను వద్దనుకున్నారు. మేడమ్ వంటకీ ఇంటి పనికీ మనిషి కోసం చూస్తున్నారు. అలా ఆవిడే నా కఫీల్ అయ్యారు. అంటే ఈ దేశంలో నేనుండే కాగితం ఆవిడ పేరు మీద ఉంటుంది. ఆవిడ ఉద్యోగం ఉన్నంత వరకే ఆవిడ వీసా, ఆవిడ వీసా ఉన్నంత వరకే నా వీసా.

ఆవిడకి ఆఫీసు వాళ్ళు కారూ డ్రైవర్నీ ఇచ్చారు. డ్రైవర్ జగిత్యాల వైపు అబ్బాయి. నేను తమ్ముడూ అని పిలిచేదాన్ని. మొదటి రోజు సామాన్లు పైకి తెచ్చి నన్ను వంటింట్లోకి పిలిచాడు.

“అక్కా, గీ మేడమ్ ఆఫ్రికానా?”

“అమెరికా అంట.”

“అమెరికానా? మరి గిట్లున్నది?”

“నువ్వు జగిత్యాలోడివి కదా, మరి హిందీ ఎందుకు మాట్లాడతావు?”

“గదీ నిజమే,” అని నవ్వి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

కింద గేటు దగ్గర సెక్యూరిటీ మనిషి మాత్రం మొదటి వారంలో మా ఇద్దరికీ వెనక లిఫ్ట్ చూపించాడు. పనివాళ్ళు, సామాన్లు వెళ్ళే లిఫ్ట్ అది. నా చేతిలో కూరగాయల సంచి, మేడమ్ చేతిలో ఏమీ లేదు. ఆవిడ ఒక్క క్షణం ఆగి నాతోపాటు అందులోకే ఎక్కారు. మర్నాడు ఆవిడెవరో అతనికి తెలిసి చేతులు జోడించాడు. మేడమ్ “ఫర్వాలేదు, అలవాటే” అన్నారు. కోపంగా అనలేదు, ఇంకోలా కూడా అనలేదు. ఆవిడ చాలా మాటలు అలాగే అనేవారు.

మాకిద్దరికీ మధ్య భాష నా ఇంగ్లీషు. పొట్టి పొట్టి మాటలు. ఆవిడ నెమ్మదిగా మాట్లాడేవారు, నేను సగం చేతులతో మాట్లాడేదాన్ని. ఇక్కడ ఆవిడ మాటలు నాకు అర్థమైనట్టు రాస్తున్నాను.

ఆఫీసు మూసినన్నాళ్ళు హాల్లో పొడుగు గోడంతా ఆవిడ ప్రకటనల బొమ్మలు అంటించుకునేవారు. ఒకరోజు నేను తుడుస్తూ ఒక బొమ్మ దగ్గర ఆగాను. సముద్రం ఒడ్డున ఒకాయన ప్యాంటు మడిచి, బూట్లు చేత్తో పట్టుకుని వంగి ఇసక చూస్తున్నాడు.

“ఏం కనిపిస్తోంది?” అన్నారు మేడమ్ వెనకనుంచి.

తప్పు చేసినట్టు గుడ్డ దాచుకున్నాను. “ఏదో పోయింది మేడమ్. వెతుకుతున్నాడు. పాపం.”

ఆవిడ పెద్దగా నవ్వారు. అది బ్యాంకు ప్రకటనట. డబ్బు దాచుకున్న మనిషి నిశ్చింతగా ఉన్నాడని చెప్పడానికట. ఆ బొమ్మ గోడ మీంచి తీసేశారు.

ఆ సాయంత్రం కాఫీ తాగుతూ వాళ్ళ అమ్మమ్మ గురించి చెప్పారు. ఆవిడ మిసిసిపీలో పత్తి చేలల్లో పెరిగి తర్వాత చికాగో వచ్చిన మనిషి. చదువు లేదు. మేడమ్ మొదట ఒక ప్రకటనల ఆఫీసులో ఫోన్లు ఎత్తే పనిలో చేరి, భోజనం వేళలో సొంతంగా సబ్బు కోసం ఒక ప్రకటన గీసి, దాన్ని పట్టుకెళ్ళి అమ్మమ్మకి చూపించారట. నురగలో మొహం పెట్టుకుని నవ్వుతున్న పిల్ల బొమ్మ. అమ్మమ్మ చూసి, “ఈ పిల్లని ఎవరు కొట్టారే?” అని అడిగిందట.

“అప్పటినుంచి ఆవిడ బతికున్నన్నాళ్ళూ నా ప్రతి పనీ ముందు ఆవిడే చూసింది,” అన్నారు. “ఆవిడకి చదవడం రాకపోయినా, గీతలు కంటికి అడ్డు రాకుండా అక్షరాలు కప్పేసి చూపించేదాన్ని. చదివేవాళ్ళు బొమ్మని చూడరు సిస్టర్. ముందు అక్షరం చదివేసి, అందులో ఏముందో అదే బొమ్మలో కూడా ఉందనుకుంటారు.”

నన్ను సిస్టర్ అనేవారు. మొదట్లో నర్సుల్ని పిలిచినట్టు ఉండేది, తర్వాత అలవాటైంది.

అలా మొదలైంది. బొమ్మ మీద అక్షరాలుండే చోట తెల్లకాగితం పట్టీ అంటించేవారు. నేను చేతులు తుడుచుకుని వచ్చి ఎదురుగా నిలబడేదాన్ని. ఆలోచించకూడదు, ముందు ఏం కనపడితే అది చెప్పాలి. ఇసక దిబ్బ ఎక్కుతున్న ఖరీదైన కారు చూసి “బండి దిగబడింది మేడమ్, తొయ్యడానికి ఎవరూ లేరు” అన్నాను. ఇన్సూరెన్సు కంపెనీ కోసం తీసిన పెళ్ళి బొమ్మ చూసి “ఈ అమ్మాయికి ఇష్టం లేదు” అన్నాను. నేను చెప్పినవన్నీ ఆవిడ ఒప్పుకునేవారని కాదు. కొన్నిటికి “అది నీ ఒక్కదానికే కనపడుతుంది సిస్టర్” అని అలాగే ఉంచేవారు. కాని నన్ను అడగకుండా ఏదీ బయటికి పంపలేదు.

ఆవిడ ఉద్యోగం గురించి నాకు తెలిసిందంతా ఆ గోడ ముందు, వంటింట్లో విన్నదే. అమెరికాలో చాలా ఏళ్ళు నల్లవాళ్ళు కొనే సరుకులకే ఆవిడతో ప్రకటనలు రాయించారు. జుట్టుకి రాసుకునే నూనె, వేయించిన కోడి, అలాంటివి. కార్లూ బ్యాంకులూ వేరేవాళ్ళకి. మీటింగుల్లో ఆవిడ ఒక ఆలోచన చెబితే గది నిశ్శబ్దంగా ఉండేదట, కాసేపటికి అదే ఆలోచన ఇంకొకాయన చెబితే అందరూ రాసుకునేవారట. దాంతో ఆవిడ చివర్లో మాట్లాడటం నేర్చుకున్నారు. చివర్లో చెబితే దాన్ని తమదిగా చెప్పుకోడానికి ఎవరికీ టైము మిగలదు. ఇంట్లో కూడా అలాగే ఉండేవారు. నేనూ తమ్ముడూ ఏదో వాదించుకుంటుంటే అంతా విని, చివర్లో ఒక్క మాట అనేవారు.

న్యూయార్క్‌లో పెద్ద కుర్చీ రెండుసార్లు దగ్గరికి వచ్చి పక్కకి పోయింది. దుబాయ్‌లో ఇస్తామన్నప్పుడు ఆవిడకి యాభై ఎనిమిది. “ఇది నా మొదటి కుర్చీ,” అన్నారు ఒకసారి. “ఈ వయసులో పోతే ఇంకోటి రాదు.”

నేను పలక పట్టింది ఆఫీసులు మళ్ళీ తెరిచాక. మా భవనంలోనే కింది అంతస్తులో గుంటూరు ఆవిడ ఒకరు శనివారం పొద్దున్న తెలుగు పిల్లలకి తెలుగు చెప్పేవారు. ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లలు, ఇంగ్లీషు తప్ప రాదు. నాకు శనివారం సెలవు. పిల్లలకి పునుగులు వేసి పెట్టడానికి సాయం వెళ్ళి, వెనక గోడకి ఆనుకుని కూర్చునేదాన్ని.

“ఏవండీ పిన్నిగారూ,” అన్నారు ఆవిడ ఒక శనివారం. “ఊరికే కూర్చుని వాళ్ళ అల్లరి చూసే బదులు మీరూ ఓ పలక పట్టుకోవచ్చుగా?”

“ఈ వయసులో నాకెందుకండీ.”

“పునుగులు తినే వయసు ఉందిగా, ఇదీ అంతే.”

పక్కనున్న పిల్ల నా పలకలోకి తొంగి చూసి, “అమ్మమ్మా, నీ ‘అ’కి పొట్ట ఎక్కువైంది” అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. తర్వాతి ఏడాదికి తెలుగు కూడబలుక్కుని చదవడం వచ్చింది. ఇంగ్లీషు పెద్ద అక్షరాలు కూడా ఆవిడే నేర్పారు, బస్సుల మీద ఊరి పేర్లు చదువుకోవచ్చని.

చదువొస్తే ఏదో అవుతుందనుకున్నాను. అయిందల్లా ఏమిటంటే, దుబాయ్ రోడ్డు మీద ఇంతకుముందు నాకు మొహాలూ రంగులూ కనపడేవి, ఇప్పుడు అక్షరాలు ముందు వచ్చి కంట్లో పడుతున్నాయి. కార్లో వెళ్తుంటే ప్రతి హోర్డింగూ కూడబలుక్కుంటూ పోయేదాన్ని.

“అక్కా, నువ్వు జదువుడు షురూ జేసినంక నాకు బండ్ల రేడియో పెట్టే పనే లేదు,” అనేవాడు తమ్ముడు. “గా బోర్డు మీద ఏమున్నదో జెప్పు.”

“ఎస్, ఏ, ఎల్…”

“నువ్వు జెప్పేదాంక మనం షార్జా దాటుతం.”

మేడమ్ గోడ ముందు నేను చెప్పేవి మెల్లగా తగ్గాయి. బొమ్మ పెట్టగానే నోట్లోంచి వచ్చే మాట ఇప్పుడు ఆగి వచ్చేది. వచ్చినా చప్పగా ఉండేది. కారు, పెళ్ళి, ఇల్లు, అంతే. ఆవిడ నాకు ఒంట్లో బాగాలేదేమో అనుకుని విటమిన్ బిళ్ళలు తెప్పించారు. వేసుకున్నాను.

ఆ తర్వాత ఏడాది ఆవిడ కంపెనీని ఇంకో పెద్ద కంపెనీ కొనేసి, రెండిటినీ కలిపేసింది. ఈ ప్రాంతానికి ఇద్దరు పెద్దలయ్యారు, మేడమ్, ఇంకో కంపెనీ తాలూకు ఇంగ్లండ్ ఆయన. కుర్చీ మాత్రం ఒక్కటే. సరిగ్గా అప్పుడే ఇక్కడి పెద్ద పాల కంపెనీ ఒకటి తన ప్రకటనల పని కొత్తవాళ్ళకి ఇవ్వాలనుకుంది. అలాంటప్పుడు ఏజెన్సీలన్నీ వెళ్ళి తమ బొమ్మలూ మాటలూ వాళ్ళ ముందు పెట్టి చూపించాలి, దాన్ని పిచ్ అంటారు. మేడమ్ ఆ పని తెస్తే కుర్చీ ఆవిడది, తేకపోతే ఇంగ్లండ్ ఆయనది. పైవాళ్ళు అంత స్పష్టంగానే చెప్పారట. మేడమ్ కూడా నాకు అంత స్పష్టంగానే చెప్పారు, నా కాగితం కూడా అందులోనే ఉంది కాబట్టి.

పిచ్‌కి ముందు రోజు సాయంత్రం బొమ్మ ఇంటికి తెచ్చారు. పెద్ద అట్ట. ఇంటి గడపలో తల్లి, బడికి బయలుదేరిన కొడుకు, తల్లి చేతిలో పాల గ్లాసు, వాకిట్లో తెల్లవారుజాము వెలుతురు. ఒక పక్కన పొడుగ్గా తెల్ల పట్టీ.

నిలబడ్డాను. పట్టీ కాగితం పల్చగా ఉంది. దాని వెనక అరబ్బీ అక్షరాల నీడ, కింద ఇంగ్లీషు అక్షరాల నీడ. ఇంగ్లీషు ‘ఎం’ కనపడింది. ‘ఐ’ కనపడింది. వద్దనుకున్నా కళ్ళు అటే పోయాయి.

“పాలు,” అన్నాను. “తల్లి, పిల్లాడు. బాగుంది.”

మేడమ్ నా మొహం చూస్తున్నారు, బొమ్మని కాదు.

“సిస్టర్, నువ్వు పట్టీ చూస్తున్నావు.”

నేను తుడుచుకున్న చేతులే మళ్ళీ తుడుచుకున్నాను.

“చదవడం వచ్చా నీకు?”

“కొంచెం మేడమ్. కింద పిల్లలతో నేర్చుకున్నాను.”

ఆవిడ కూర్చున్నారు. కాసేపటికి లేచి వచ్చి నా భుజాల మీద రెండు చేతులూ వేసి, “చాలా మంచి పని చేశావు” అన్నారు. నిజంగానే అన్నారు, నాకు తెలుస్తుంది. తర్వాత చిన్నగా నవ్వి, “కాని ఇవాళ నన్ను ఒంటరిదాన్ని చేశావు” అన్నారు.

తమ్ముణ్ణి పైకి పిలిపించారు. వాడు చేతులు కట్టుకుని అట్ట ముందు నిలబడ్డాడు.

“ముందు ఏం కనిపిస్తోంది?”

వాడు తల వంచి పట్టీ కిందనుంచి తొంగి చూశాడు. “మేడమ్, లీటరు ఎంత?”

ఆవిడ నవ్వి, చెయ్యి ఊపి పంపేశారు. వాడికి తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు, అరబ్బీ అంకెలు, అన్నీ వచ్చు. ఆ భవనంలో చదువు రాని మనిషి ఇంకెవరూ లేరు. ఉన్నా, ఎవరి తలుపు తట్టి “మీకు చదువు రాదా” అని అడుగుతాం. ఆవిడే చాలాసేపు బొమ్మ ముందు నిలబడ్డారు. పట్టీ తీసి చూశారు, పెట్టి చూశారు. చివరికి “బాగుంది” అని అట్టని గుడ్డలో చుట్టేశారు.

మర్నాడు మధ్యాహ్నం తమ్ముడు అట్ట పట్టుకుని ముందు పైకి వచ్చాడు. మేడమ్ ఇంకా కింద ఫోన్లో ఉన్నారు.

“ఖలాస్ అక్కా,” అన్నాడు మెల్లగా. “బండ్ల ఒక్క మాట మాట్లాడలే. ఏసీ బంద్ చెయ్యమన్నది, గంతే.”

“ఏమైంది?”

“నాకేం ఎరుక. నువ్వు అన్నం పెట్టు.”

మేడమ్ వచ్చి చెప్పులు విప్పి, అట్ట గుడ్డ తీసి డైనింగ్ టేబుల్ మీద పరిచారు. అక్షరాల మీద ఒక పెద్ద పుస్తకం పెట్టి పూర్తిగా కప్పేశారు.

“ఇప్పుడు చూడు.”

చూశాను. ఇప్పుడు చదవడానికి ఏమీ లేదు. వెంటనే కనపడింది.

“ఎడమ చేత్తో ఇస్తోంది మేడమ్.”

“అవును,” అన్నారు.

ఫోటో తీసినప్పుడు ఆ తల్లి కుడిచేత్తోనే ఇచ్చిందట. పిచ్‌కి ముందు రోజు పాల కంపెనీ వాళ్ళు అరబ్బీ మాటలు ముందు, పెద్దగా ఉండాలని అడిగారట. అరబ్బీ కుడినుంచి ఎడమకి చదువుతారు, కాబట్టి బొమ్మ కూడా ఆ వైపు నుంచే మొదలవ్వాలని అద్దంలో చూసినట్టు తిప్పేస్తారు. ఇక్కడి ఏజెన్సీల్లో అది రోజూ చేసే పని. గడప అటునుంచి ఇటు వచ్చింది, పిల్లాడి సంచి ఈ భుజం నుంచి ఆ భుజానికి మారింది, కుడి చెయ్యి ఎడమ చెయ్యి అయింది. తిప్పాక దాన్ని చూసింది కంప్యూటర్ దగ్గర కూర్చున్న ఫిలిప్పీన్స్ అబ్బాయి, మేడమ్, నేను, తమ్ముడు. నలుగురం చదివేవాళ్ళమే. తమ్ముడికీ నాకూ ఎడమచేత్తో మంచినీళ్ళు ఇచ్చినా తప్పే. అయినా ఇద్దరికీ కనపడలేదు.

పాల కంపెనీ ముదీర్, అంటే మేనేజరు, పెద్దాయనట. చూసి, చాలా మర్యాదగా నవ్వి, “మా ఇళ్ళల్లో పిల్లలకి ఎవరూ ఎడమచేత్తో పాలివ్వరు” అన్నాడట. మళ్ళీ ఖర్జూరాలూ కాఫీ ఇచ్చారట. మిగతా బొమ్మలు ఒక్కొక్కటీ ఓపిగ్గా చూశారట. కాని ఆ తర్వాత ఎవరూ ప్రశ్నలు అడగలేదట. “ప్రశ్నలు అడగకపోతే అయిపోయినట్టే,” అన్నారు మేడమ్. ఆ పూట పప్పూ అన్నం మామూలుగానే తిన్నారు. నేను గిన్నెలు కడిగాను.

ఆ వారంలోనే పాల కంపెనీ పని వేరేవాళ్ళకి వెళ్ళింది. కొద్ది రోజులకి ఇంగ్లండ్ ఆయన కుర్చీలో కూర్చున్నాడు. మేడమ్‌కి పువ్వులు పంపారు, చాలా పెద్ద గుత్తి. నీళ్ళు మార్చి పెట్టాను, ఎక్కువ రోజులే ఉన్నాయి. ఆవిడ చికాగో టికెట్ తీసుకున్నారు. గుంటూరు ఆవిడ నాకోసం నలుగురికీ చెప్పి, అబూ ధాబీలో మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో ఉన్న ఒక తెలుగువాళ్ళింట్లో పని చూశారు. నా కాగితం ఆ ఇంటాయన పేరు మీదికి మారింది. మేడమ్ దగ్గరుండి ఆ పనంతా పూర్తిచేయించారు.

ఏడుపు వస్తుందనుకున్నాను, రాలేదు. పెట్టెలు సర్దుతుంటే కూడా రాలేదు. ఆవిడ కూడా ఏడవలేదు. ఇద్దరం బట్టలు మడతపెడుతూ కూర్చున్నాం, వేరే ఎవరివో బట్టలన్నట్టు.

మడతపెడుతూనే అడిగాను. “మేడమ్, నేను నేర్చుకోకుండా ఉంటే?”

ఒక చొక్కా పూర్తిగా మడిచి పెట్టెలో పెట్టారు.

“చెయ్యి కనపడేది,” అన్నారు. “ఆ పని నాకు దక్కేదో లేదో తెలియదు. చెయ్యి మాత్రం కనపడేది.”

తర్వాత, “ఆ చేతిని నేను చూడాల్సింది సిస్టర్. ఇన్నేళ్ళు నీ కళ్ళతో చూసి నావి వాడటం మానేశాను,” అన్నారు. అందులో బాధ ఉందో లేదో నాకు తెలియలేదు. ఇంకో చొక్కా అందుకున్నారు.

విమానం సాయంత్రం. నేను ఎయిర్‌పోర్టుకి వెళ్ళలేదు, ఇల్లు అప్పగించాల్సింది నేనే. తలుపు దగ్గర ఆవిడ నన్ను గట్టిగా పట్టుకుని వదిలేశారు. తమ్ముడు పెట్టెలు లిఫ్ట్‌లో పెట్టి, “యల్లా, పోదాం మేడమ్, ట్రాఫిక్ ఉంటది” అన్నాడు. లిఫ్ట్ తలుపులు మూసుకున్నాయి. నేను లోపలికి వచ్చి దీపాలు ఆర్పి పడుకున్నాను. నిద్ర పట్టింది.

మర్నాడు పొద్దున్న లేచి టీ పెట్టుకుని తాగాను. మిగిలిన పాలు పారబోశాను. ఫ్రిజ్ ప్లగ్ పీకి, తలుపు తెరిచి, కింద పాత తువ్వాళ్ళు పరిచాను. మంచు కరగడానికి చాలాసేపు పట్టింది. తువ్వాలు తడవగానే పిండి, ఆరింది వేసి, మళ్ళీ పిండుతూ నేల మీదే కూర్చున్నాను. పూర్తిగా కరిగాక లోపల సబ్బునీళ్ళతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, వాసన పట్టకుండా తలుపు కొంచెం తీసి ఉంచాను.

తర్వాత చేతులు కడుక్కుని, అబూ ధాబీ కారు వచ్చిందేమోనని కిటికీలోంచి కిందికి చూశాను.